సర్పంచులు ఎవరివాళ్లు గెలిస్తే అసెంబ్లీ కూడా వాళ్లదేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మొన్న డిసెంబరు (2025) పంచాయతీ ఎన్నికల్లో మీ మండలంలో ముప్పాతిక ఊళ్లు కాంగ్రెస్ బలపరిచినవాళ్లే గెలిచారు. బీఆర్‌ఎస్‌లో తిరిగే మీ బావ "ఇక మా పని అయిపోయింది" అంటున్నాడు. స్థానిక ఎన్నికలు చూసి 2028 అసెంబ్లీ ఎవరిదో చెప్పొచ్చా, చెప్పలేకపోతే పార్టీలు వాటిమీద అంత డబ్బు ఎందుకు పోస్తాయి అని అడిగారు.

సూటిగా చెప్తాను. అధికారంలో ఉన్న పార్టీ స్థానిక ఎన్నికలు గెలిస్తే దాన్నిబట్టి తెలిసేది దాదాపు ఏమీ లేదు. అధికారంలో ఉండి కూడా ఓడిపోతే మాత్రం చాలా తెలుస్తుంది. రెండో స్థానంలోకి ఎవరొచ్చారు, ఓడినవాళ్లకు ఎన్ని ఓట్లు పడ్డాయి అన్నవి ఎవరు గెలిచారన్నదానికంటే పనికొచ్చే సమాచారం. మీ బావకు ఇప్పుడే కంగారు అక్కర్లేదు. అలాగని నిశ్చింతగా ఉండమనీ కాదు, దాని సంగతి చివర్లో చెప్తాను.

నేను 2001లో కరీంనగర్ జిల్లాలో ఒక పత్రికకు కంట్రిబ్యూటర్‌గా మొదలై, తర్వాత స్టాఫ్ రిపోర్టర్‌నై, చివరి పదేళ్లు హైదరాబాద్‌లో ఎన్నికల డెస్కు మీద కూర్చున్నవాణ్ని. ఈ లెక్కలు తప్పుగా చదివి మొదటి పేజీలో అచ్చేసిన అనుభవం కూడా ఉంది.

ముందు సర్పంచుల సంగతి, ఎందుకంటే మీరు చూసింది అదే. సర్పంచ్ ఎన్నిక పార్టీ గుర్తుల మీద జరగదు. ఉంగరం, కత్తెర, బ్యాట్ లాంటి గుర్తులు ఎన్నికల సంఘమే ఇస్తుంది. బ్యాలెట్ మీద హస్తం ఉండదు, కారు ఉండదు. పొద్దున 7 నుంచి మధ్యాహ్నం 1 దాకా ఓట్లు, భోజనం కాగానే అదే బడిలో లెక్కింపు. మరి ఏ పార్టీకి ఎన్ని సర్పంచులన్న లెక్క ఎక్కణ్నుంచి వస్తుంది? పార్టీలే ఇస్తాయి. మా బోటివాళ్లం దాన్ని పట్టికగా వేస్తాం.

2019 జనవరిలో ఒక రాత్రి జరిగింది చెప్తాను. మండలాల నుంచి ఫోన్లు వస్తున్నాయి. నా ముందున్న కాగితం మీద మూడు గడులు: అధికార పార్టీ, ప్రతిపక్షం, ఇతరులు. ఒక ఊరి పేరు రెండు పార్టీలు పంపిన జాబితాల్లోనూ ఉంది. గెలిచినాయన పేరు ఒకటే, వచ్చిన ఓట్లు కూడా రెండు చోట్లా ఒకటే. అనుమానమొచ్చి అక్కడి విలేకరికి ఫోన్ చేస్తే, అతను లెక్కింపు జరిగిన బడి దగ్గరే ఉన్నాడు. గులాబీ బ్యాలెట్లను పాతికేసి కట్టలు కట్టి లెక్కపెట్టిన వేడి ఇంకా పూర్తిగా చల్లారలేదు, ఉప సర్పంచ్ ఎన్నిక కోసం వార్డు మెంబర్లను బడి గదిలో కూర్చోబెట్టారు. గెలిచినాయన పక్కనే ఉన్నాడంటే ఇమ్మన్నాను.

"అన్నా, మీరు ఏ పార్టీ?" అన్నాను.

"ఇయ్యాల్టికి ఊరి పార్టీ సార్" అన్నాడు. "ఇద్దరు లీడర్లూ ఫోన్ జేసిండ్రు, ఇద్దరికీ సరే అన్న. రేపు ఎమ్మెల్యే సార్ పిలుస్తడు గద, అప్పుడు సూద్దాం."

ఆ ఊరిని "ఇతరులు" గడిలో వేశాను. మూడో రోజుకల్లా ఆయన ఎమ్మెల్యే ఇంటి ముందు కండువా కప్పుకున్న ఫొటో వచ్చింది. ఇలాంటివాళ్లు ఎంతమందో ఆలోచించండి. ఆయన్ని తప్పుపట్టలేం కూడా. సీసీ రోడ్డు కావాలంటే, చేసిన పనికి బిల్లు రావాలంటే ఎమ్మెల్యే దగ్గరికి పోకుండా కుదరదు. అప్పు తెచ్చి పనులు చేసి, బిల్లుల కోసం ఏళ్ల తరబడి తిరిగిన సర్పంచులను మీ మండలంలోనే చూసి ఉంటారు. ఊళ్లో జనానికీ ఈ లెక్క తెలుసు. "పైన ఉన్నోడితో ఉంటే నాలుగు పనులైతయ్" అన్నది ఓటు వేసేటప్పుడు పనిచేసే మాట. అది ఆ పార్టీ మీద ప్రేమ కాదు, ఊరి అవసరం. అసెంబ్లీ ఎన్నికల నాటికి ఆ అవసరం ఉండదు, ఎందుకంటే అప్పుడు పైన ఎవరుండాలో తేల్చేది వాళ్లే.

దీనికి 2019 ఎండాకాలాన్ని మించిన రుజువు నాకు దొరకలేదు. 2018 డిసెంబరులో టీఆర్‌ఎస్ (ఇప్పటి బీఆర్‌ఎస్) 119లో 88 సీట్లతో గెలిచింది. ఏప్రిల్ 11న లోక్‌సభకు ఓట్లు పడ్డాయి. నిజామాబాద్‌లో సాక్షాత్తూ ముఖ్యమంత్రి కూతురు బీజేపీ చేతిలో 70 వేల పైచిలుకు ఓట్ల తేడాతో ఓడిపోయారు. కరీంనగర్, ఆదిలాబాద్, సికింద్రాబాద్ కూడా బీజేపీ ఎగరేసుకుపోయింది. కానీ ఆ ఓట్లు లెక్కపెట్టింది మే 23న. ఈలోపే మే మొదటి రెండు వారాల్లో అదే ఓటర్లు ఎంపీటీసీ, జడ్పీటీసీలకు (మండల, జిల్లా పరిషత్ సభ్యుల పదవులకు) ఓటేశారు. పెట్టెలు జూన్ 4న తెరిస్తే 32 జిల్లా పరిషత్తులూ టీఆర్‌ఎస్‌వే. 538 జడ్పీటీసీల్లో బీజేపీకి దక్కినవి 8. నిజామాబాద్ లోక్‌సభకు పువ్వు గుర్తు నొక్కిన వేలే నెల అటూఇటూగా జడ్పీటీసీకి కారు మీద ముద్ర వేశాయి. ఎవరూ మనసు మార్చుకోలేదు. రెండు ప్రశ్నలు వేర్వేరు కాబట్టి రెండు జవాబులు ఇచ్చారు, అంతే.

ఇప్పుడు నా తప్పు. ఆంధ్రప్రదేశ్ 2021.

ఆ ఏడాది మార్చి మున్సిపల్ ఎన్నికల్లో వైఎస్సార్‌సీపీ 75 మున్సిపాలిటీల్లో 74 గెలిచింది. మిగిలిన ఒక్క తాడిపత్రి టీడీపీది. కార్పొరేషన్లన్నీ వైఎస్సార్‌సీపీవే. ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికలను టీడీపీ బహిష్కరించింది, 13 జిల్లా పరిషత్తులూ ఒకే పార్టీకి పోయాయి. నవంబరులో నెల్లూరు కార్పొరేషన్‌లో 54 డివిజన్లకు 54. అదే రోజు చంద్రబాబు సొంత నియోజకవర్గం కుప్పం మున్సిపాలిటీలో 25 వార్డుల్లో 19 వైఎస్సార్‌సీపీకి పడ్డాయి. ఆ రాత్రి నేను రాసిన విశ్లేషణకు పెట్టిన శీర్షిక ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. అసెంబ్లీలో కుప్పం కూడా పోతుందేమో అన్న అర్థం వచ్చేలా పెట్టాను.

2024లో ఏమైందో మీకు తెలుసు. టీడీపీ కూటమికి 164, వైఎస్సార్‌సీపీకి 11. కుప్పంలో చంద్రబాబుకు 48 వేల మెజారిటీ. 54కి 54 ఇచ్చిన నెల్లూరు నగరంలో టీడీపీ అభ్యర్థికి 72 వేలకు పైగా మెజారిటీ.

ఎక్కడ పొరపాటు పడ్డాను? సీట్లు చూశాను, ఓట్లు చూడలేదు. 2021 మార్చిలో అంత ఊచకోతలో కూడా టీడీపీకి పట్టణాల్లో 30 శాతం దాకా ఓట్లు పడ్డాయి. నామినేషన్లు వేయడానికే భయపడుతున్నారు, వేసినవాళ్ల చేత విత్‌డ్రా చేయిస్తున్నారు అని రోజూ వార్తలు వస్తున్న ఎన్నికలవి. గ్రామాల్లో 10,047 ఎంపీటీసీ స్థానాల్లో 2,371 ఏకగ్రీవం, 660 జడ్పీటీసీల్లో 126 ఏకగ్రీవం. అభ్యర్థి కూడా నిలబడలేని వాతావరణంలో 30 శాతం మంది వెళ్లి ప్రతిపక్షానికి ఓటేసి వచ్చారంటే, ఆ పార్టీ చచ్చిపోలేదని అర్థం. ఆ రాత్రి నేను చదవాల్సిన అంకె అదొక్కటే.

ఆ తర్వాత అసలు సంకేతం కూడా వచ్చింది. అది స్థానిక సంస్థల నుంచి రాలేదు, 2023 మార్చిలో పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల నుంచి వచ్చింది. ఉత్తరాంధ్ర, తూర్పు రాయలసీమ, పశ్చిమ రాయలసీమ, మూడూ టీడీపీ గెలిచింది. అక్కడ ఓటరుకు వాలంటీరు భయం లేదు, ఊరి రోడ్డు గొడవ లేదు, ఎవరికి వేశాడో కనిపెట్టే దారి తక్కువ. ఊళ్లో కట్టేసిన నోరు అక్కడ విప్పాడు. పట్టభద్రులు రాష్ట్రం మొత్తానికి నమూనా కారన్నది నిజమే. కానీ ఒకే పార్టీ రెండేళ్ల కిందట ఊడ్చేసిన ప్రాంతాల్లో మూడుకు మూడు పోగొట్టుకుంటే, కింద ఏదో కదులుతున్నట్టే.

ఇదే ఆట ఇప్పుడు అటునుంచి ఇటు తిరిగింది. 2025 ఏప్రిల్‌లో విశాఖ మేయర్ మీద అవిశ్వాసం నెగ్గి ఆ పీఠం టీడీపీకి వచ్చింది. ఒక్క కొత్త ఓటు పడకుండానే! ఆగస్టులో జగన్ సొంత గడ్డ పులివెందుల జడ్పీటీసీ ఉప ఎన్నికలో టీడీపీ 6 వేలకు పైగా తేడాతో గెలిచింది, వైఎస్సార్‌సీపీ అభ్యర్థికి డిపాజిట్ కూడా దక్కలేదు. అసలు పోలింగే సరిగ్గా జరగలేదని ఆ పార్టీ ఆరోపణ. ఎవరి మాట ఎంత నిజమో నేను తేల్చను గానీ, 2029లో పులివెందుల సంగతి దీన్నిబట్టి చెప్పమంటే చెప్పను. కుప్పంతో ఒకసారి కాలింది కదా.

పోటీ లేని చోట ఫలితం లేదు. మీరు మీ మండలం లెక్క వేసేటప్పుడు ముందు ఏకగ్రీవాలు తీసి పక్కన పెట్టండి. ఏకగ్రీవం అంటే ఊరంతా ఒక్కమాట మీద ఉందని కాదు. కొన్నిచోట్ల గుడికి ఇంత, బడికి ఇంత అని వేలం పాడుకున్న పదవి అది, కొన్నిచోట్ల బెదిరింపు, కొన్నిచోట్ల రిజర్వేషన్ వల్ల ఒకే కుటుంబం తప్ప పోటీకి మనిషే లేకపోవడం. నిజంగా ఊరి పెద్దలు కూర్చుని మంచి మనిషిని పెట్టుకున్న ఊళ్లు కూడా ఉన్నాయి, అవి చూసినప్పుడు ముచ్చటేస్తుంది. వాటికీ పార్టీ రంగు పూయడం మాత్రం అన్యాయం. పశ్చిమ బెంగాల్‌లో 2018 పంచాయతీ ఎన్నికల్లో మూడింట ఒక వంతుకు పైగా సీట్లు పోటీ లేకుండానే అధికార తృణమూల్‌కు పోయాయి. ఏడాది తిరిగేసరికి లోక్‌సభలో 42కి 18 సీట్లు బీజేపీ పట్టుకుపోయింది. నామినేషన్ వేయనివ్వకపోతే ఆ కోపం ఎక్కడికీ పోదు, తర్వాతి పెట్టెలో పడుతుంది.

మరి స్థానిక ఎన్నికలు ఎప్పుడూ అబద్ధమేనా అంటే కాదు. నా మొదటి ఎన్నికే దీనికి సాక్ష్యం. 2001 ఏప్రిల్ 27న టీఆర్‌ఎస్ పుట్టింది. మూడు నెలలు నిండకుండానే ఉమ్మడి రాష్ట్రంలో జిల్లా పరిషత్ ఎన్నికలు. అధికారంలో టీడీపీ, ఎదురుగా పాతుకుపోయిన కాంగ్రెస్. కొత్త పార్టీకి ఆఫీసు లేదు, డబ్బు లేదు, జెండా కర్రలకు కూడా కరువే. అయినా కరీంనగర్, నిజామాబాద్ జిల్లా పరిషత్తులు గెలుచుకుంది. నేను అప్పుడు సైకిల్ మోటార్ మీద మండలాలు తిరిగే కుర్రాణ్ని. ఒక ఊళ్లో టీ కొట్టు దగ్గర, జీవితమంతా సైకిల్‌కే వేసిన ఒక పెద్దాయన "ఈసారి కొత్తోనికి ఏసిన బిడ్డా, సూద్దాం" అన్నాడు. పైనుంచి ఏమీ దక్కదని తెలిసి వేసిన ఓటది. ఇలాంటి ఓటుకే బరువు. 2004లో అదే పార్టీ కాంగ్రెస్ పొత్తుతో 26 అసెంబ్లీ, 5 లోక్‌సభ సీట్లు తెచ్చుకుంది, టీడీపీ 294లో 47కి పడిపోయింది.

బెంగాల్‌లోనూ అంతే. నందిగ్రామ్, సింగూరు గొడవల తర్వాత 2008 పంచాయతీల్లో, మూడు దశాబ్దాల వామపక్ష పాలనలో, తూర్పు మేదినీపూర్, దక్షిణ 24 పరగణాల జిల్లా పరిషత్తులు తృణమూల్ గెలిచింది. 2011లో ప్రభుత్వమే పోయింది. రెండు చోట్లా ఉమ్మడి లక్షణం ఒకటే: అధికార పార్టీ తన చేతిలో ఉన్న పోలీసు, నిధులు, ఎమ్మెల్యేలు అన్నీ ఉండి కూడా ఓడింది.

ఈ విషయం ఇంకా లోతుగా తెలుసుకోవాలంటే 2014ను పట్టుకోవాలి. అదొక అపురూపమైన సంవత్సరం. ఏళ్ల తరబడి ఆగిన మున్సిపల్ ఎన్నికలు కోర్టుల ఆదేశాలతో మార్చి 30న, ఎంపీటీసీ, జడ్పీటీసీలు ఏప్రిల్ 6, 11 తేదీల్లో జరిగాయి. ఆ ఫలితాలు సాధారణ ఎన్నికల మీద ప్రభావం చూపకూడదని లెక్కింపు ఆపేశారు. తెలంగాణ ప్రాంతంలో ఏప్రిల్ 30న, సీమాంధ్రలో మే 7న అసెంబ్లీకి ఓట్లు పడ్డాయి. మున్సిపల్ ఓట్లు మే 12న లెక్కపెట్టారు, పరిషత్ పెట్టెలు 13న, అసెంబ్లీ మిషన్లు 16న తెరిచారు. ఒకే ఓటరు, నెల రోజుల తేడాలో, మొదటి ఫలితం తెలియకుండా రెండోసారి వేసిన ఓటు. పైగా రాష్ట్రపతి పాలన, అంటే అధికార పార్టీ బలం కూడా లేదు. ఇంతకంటే మంచి ప్రయోగం ఎవరైనా కావాలని పెట్టినా కుదరదు.

మే 12 రాత్రి గాంధీ భవన్‌లో మిఠాయిలు పంచారు. తెలంగాణ మున్సిపాలిటీల్లో కాంగ్రెస్ ముందుంది. మర్నాడు ఎంపీటీసీల్లోనూ కాంగ్రెస్సే ముందు, జడ్పీటీసీల్లో టీఆర్‌ఎస్ కాస్త పైన. 16న మిషన్లు తెరిస్తే టీఆర్‌ఎస్ 63, కాంగ్రెస్ 21.

సీమాంధ్రలో మాత్రం స్థానికంలో టీడీపీ, అసెంబ్లీలో టీడీపీ (102 సీట్లు). అక్కడ సరిపోయింది, ఇక్కడ ఎందుకు సరిపోలేదు? నా సమాధానం ఇది. కాంగ్రెస్‌కు తెలంగాణ పట్టణాల్లో, మండలాల్లో దశాబ్దాల నాటి మనుషులున్నారు. వార్డులో పెళ్లికి వెళ్లేవాడు, ఆసుపత్రికి తీసుకెళ్లేవాడు, పింఛను రాయించేవాడు కాంగ్రెస్ మనిషే. టీఆర్‌ఎస్‌కు అప్పటికి ఉద్యమం ఉంది, అంత కిందిదాకా మనుషులు లేరు. వార్డు ఓటు మనిషిని చూసి వేశారు, అసెంబ్లీ ఓటు రాష్ట్రం తెచ్చిందెవరు, నడపాల్సిందెవరు అని చూసి వేశారు. సీమాంధ్రలో రెండు ప్రధాన పార్టీలకూ మండలస్థాయి మనుషులు సమానంగా ఉన్నారు, విభజన దెబ్బకు కాంగ్రెస్ మనుషులు అటో ఇటో సర్దుకున్నారు కూడా. అందుకే అక్కడ రెండు ఓట్లూ ఒకే దారిలో నడిచాయి.

అంటే స్థానిక ఎన్నిక పార్టీకి ఉన్న మనుషుల్ని లెక్కపెడుతుంది, అసెంబ్లీ ఎన్నిక ఆ పార్టీ పట్ల ఉన్న గాలిని లెక్కపెడుతుంది. కేరళలో ఈ రెండూ కలిసిపోయాయి, ఎందుకంటే అక్కడ పంచాయతీ వార్డు కూడా పార్టీ గుర్తు మీదే, అదీ అసెంబ్లీకి ఆరు నెలల ముందు. 2015 చివర్లో ఎల్‌డీఎఫ్ (వామపక్ష కూటమి) స్థానికం గెలిచింది, 2016లో ప్రభుత్వం వచ్చింది. 2019 లోక్‌సభలో 20కి 19 యూడీఎఫ్ (కాంగ్రెస్ కూటమి) పట్టుకుపోతే అందరూ ఎల్‌డీఎఫ్ పని అయిపోయిందన్నారు. 2020 డిసెంబరు స్థానిక ఎన్నికల్లో మళ్లీ ఎల్‌డీఎఫ్, 2021లో 140కి 99. అక్కడ లోక్‌సభ తప్పు చెప్పింది, పంచాయతీ సరిగ్గా చెప్పింది. ఢిల్లీ దీనికి పూర్తి విరుద్ధం: 2017లో కార్పొరేషన్లు బీజేపీవి, 2020లో అసెంబ్లీ 70కి 62 ఆప్‌వి. 2022లో కార్పొరేషన్ ఆప్‌ది, 2025లో అసెంబ్లీ 48 సీట్లతో బీజేపీది. ఏ ఊరి ఓటరు అలవాటు ఆ ఊరిది, కేరళ తాళం చెవి తెచ్చి తెలంగాణ తలుపు తీయలేం.

హైదరాబాద్ గురించి కూడా ఒక మాట, ఎందుకంటే ఈ చర్చ వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు జీహెచ్‌ఎంసీ తీస్తారు. 2016లో 150కి టీఆర్‌ఎస్ 99, బీజేపీ 4. 2020 డిసెంబరులో బీజేపీ 4 నుంచి 48కి ఎగబాకింది. దుబ్బాక అసెంబ్లీ ఉప ఎన్నిక అప్పుడే గెలిచారు, "తర్వాత ప్రభుత్వం మాదే" అన్నారు, మేమూ అలాగే రాశాం. కాంగ్రెస్‌కు వచ్చినవి రెండంటే రెండు. మూడేళ్లకు రాష్ట్రం గెలిచింది ఆ రెండు డివిజన్ల పార్టీ! అయితే ఫలితం పూర్తిగా అబద్ధం కాదు. 2023లో హైదరాబాద్ జిల్లాలోని 15 సీట్లలో కాంగ్రెస్‌కు ఒక్కటీ రాలేదు. ఆ రెండు డివిజన్లు నగరం గురించి నిజమే చెప్పాయి, రాష్ట్రం గురించి చెప్పే అధికారం వాటికి లేదు. బీజేపీ 48 డివిజన్లు అసెంబ్లీలో హైదరాబాద్ జిల్లాకు గోషామహల్ ఒక్కటే తెచ్చాయి గానీ, 2024 లోక్‌సభలో సికింద్రాబాద్, మల్కాజ్‌గిరి, చేవెళ్ల మూడూ ఇచ్చాయి. ఓటు ఎటూ పోలేదు, ఏ ఎన్నికకు బయటికి రావాలో ఆ ఎన్నికకే వచ్చింది. ఇంకో సంగతి, 2020లో అక్కడ ఓటేసింది సగం మంది కూడా లేరు. మీ పంచాయతీల్లో మొన్న మూడు విడతల్లోనూ 84 శాతం దాటింది. ఇల్లు కదలనివాడి మనసులో ఏముందో డివిజన్ ఫలితం చెప్పదు.

ఇప్పుడు మీ మండలం. నేనైతే లెక్క ఇలా తీస్తాను.

సర్పంచుల పట్టిక పక్కన పడేయండి, లేదా ఒక్క పని కోసం వాడుకోండి: పోటీ జరిగిన ప్రతి ఊళ్లో రెండో స్థానం ఎవరిదో రాసుకోండి. బీఆర్‌ఎస్ మనిషి ఓడినా రెండో స్థానంలో, వంద లోపు తేడాతో ఉంటే ఆ ఊళ్లో పార్టీ బతికే ఉంది. రెండో స్థానంలోకి బీజేపీ వచ్చి బీఆర్‌ఎస్ మూడోదైతే, అప్పుడు మీ బావ భయపడాలి. రాష్ట్రం మొత్తం మీద మొన్న కాంగ్రెస్ తర్వాత బీఆర్‌ఎస్, బాగా వెనక బీజేపీ. 2024 లోక్‌సభలో బీఆర్‌ఎస్‌కు సున్నా, బీజేపీకి 8 వచ్చాక ఈ వరస ఇలా ఉందంటే, ఊళ్లల్లో బీఆర్‌ఎస్ మనుషులు ఇంకా జారిపోలేదని నేను చదువుకుంటాను.

తర్వాత, ఒకే ఊళ్లో కాంగ్రెస్ నుంచి ఇద్దరు నిలబడ్డ చోట్లు చూడండి. రెబల్ ఓట్లు, అధికారిక అభ్యర్థి ఓట్లు కలపండి. అధికార పార్టీకి రెబల్స్ ఎక్కువ ఉండటం మామూలే, అందరికీ పదవి కావాలి కదా. ఉత్తర తెలంగాణలో ఒక మున్సిపాలిటీలో ప్రతిపక్షం అన్నేసి వార్డులు ఎలా గెలిచిందా అని ఆశ్చర్యపోయి, వార్డు వార్డు ఓట్లు తీయించి చూస్తే, సగం చోట్ల అధికార పార్టీ వాళ్లే ఇద్దరు కొట్టుకుని మూడోవాణ్ని గెలిపించారు. ఆ ఊళ్లో తర్వాతి అసెంబ్లీ ఎన్నికల్లో ఆ ఇద్దరూ ఒకే వేదిక ఎక్కారు, ప్రతిపక్షానికి కథ అడ్డం తిరిగింది.

పోల్చేటప్పుడు పంచాయతీని పంచాయతీతోనే పోల్చండి, 2025ను 2019తో. మొన్నటి సర్పంచ్ ఫలితాన్ని 2023 అసెంబ్లీతో పోల్చి "ఇంత పెరిగాం, ఇంత తగ్గాం" అనే పోస్టులు మీ వాట్సాప్‌కు వస్తాయి, అవి తుడిచేయండి. రిజర్వేషన్ మారిన ఊళ్లను విడిగా పెట్టండి, అక్కడ మనుషులే మారిపోతారు. వీటన్నిటికంటే విలువైన లెక్క ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికలప్పుడు వస్తుంది, ఎందుకంటే అవి హస్తం, కారు, పువ్వు గుర్తుల మీద జరుగుతాయి. మండలంలో అన్ని ఎంపీటీసీల ఓట్లూ పార్టీవారీగా కూడండి. సీట్లు కాదు, ఓట్లు. అధికారంలో లేకుండా 35 శాతం దాటిన పార్టీని నేను ఎప్పుడూ కొట్టిపారేయను.

ఇక డబ్బు ఎందుకు పోస్తారన్న ప్రశ్న. గాలి కొలవడానికి పోయరు. సర్పంచ్, ఎంపీటీసీ, కౌన్సిలర్ అంటే అసెంబ్లీ ఎన్నికల రోజు బూత్ దగ్గర టెంట్ వేసేవాడు, ఓటరు స్లిప్పు ఇంటికి చేర్చేవాడు, ముసలివాళ్లను ఆటో ఎక్కించేవాడు, ఏ ఇంట్లో ఎవరు బొంబాయిలో ఉన్నారో, ఎవరు దుబాయిలో ఉన్నారో తెలిసినవాడు. ఎంపీటీసీలు, జడ్పీటీసీలు, కౌన్సిలర్లు, కార్పొరేటర్లు స్థానిక సంస్థల కోటాలో ఎమ్మెల్సీలను ఎన్నుకునే ఓటర్లు కూడా (సర్పంచులకు ఆ ఓటు లేదు, అందుకే వాళ్ల రేటు కాస్త తక్కువ, నవ్వకండి). మూడో కారణం మీ బావలాంటివాళ్లు. ఐదేళ్లు జెండా మోసినవాడికి ఏదో ఒక పదవి చూపించకపోతే మనిషి నిలవడు. పార్టీ ఓడినా ఊళ్లో తన మనిషికి కుర్చీ ఉంటే ఆ ఊళ్లో జెండా దిగదు.

అందుకే మీ బావ నిశ్చింతగా ఉండకూడదన్నాను. ఓడినందువల్ల వచ్చిన నష్టం 2028లో కాదు, ఇప్పుడే ఉంది. ఓడిన అభ్యర్థుల అప్పులు, వాళ్ల చుట్టూ తిరిగిన కుర్రాళ్ల నిరాశ, రేపో మాపో కండువా మార్చుకునే వార్డు మెంబర్లు, వీటిని ఆయన పార్టీ ఎలా పట్టుకుంటుందో చూడాలి. 2014 తర్వాత తెలంగాణ కాంగ్రెస్ స్థానికంగా గెలిచిన మనుషులను పట్టుకోలేక చాలామందిని టీఆర్‌ఎస్‌కు పోగొట్టుకుంది, తేరుకోవడానికి 2023 దాకా పట్టింది.

మీ దగ్గర మండలంలోని ఊళ్లవారీ ఓట్లు ఉంటే, మొదటి ఇద్దరివి మాత్రమే చాలు, ఊళ్ల పేర్లు లేకుండా ఇక్కడే పెట్టండి. ఏకగ్రీవాలు ఎన్నో, రిజర్వేషన్ మారినవి ఎన్నో కూడా రాయండి. ఆదివారం కూర్చుని చూస్తాను.